పై ముక్క దగ్గరే అసలు పేచీ
(అమలాపురంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మన కోనసీమలో ఎవరికైనా గుండె జబ్బని తెలిస్తే ముందు అడిగేది "పంపింగ్ ఎంతట?" అనే. 40 అంటారు, 30 అంటారు, ఆ ఒక్క అంకె పట్టుకుని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు, కాకినాడ తీసుకెళ్దామా విశాఖ తీసుకెళ్దామా అని ఫోన్లు మొదలవుతాయి. ఆ అంకె ఎలా పుడుతుందో చెబుతాను, ఎందుకంటే రేపు దాన్ని లెక్కగట్టే ప్రోగ్రాములు రాసేది మీరే.

ఎమ్మారైలో గుండెను, రావులపాలెం అరటికాయను చక్రాలుగా తరిగినట్టు, అడ్డంగా పది దాకా ముక్కల్లో చూస్తాం. ప్రతి ముక్కలో ఎడమ జఠరిక, అంటే రక్తాన్ని ఒంటికి నెట్టే కింది గది, లోపలి అంచు వెంట గీత గీయాలి, గుండె నిండినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి. గీత లోపలి వైశాల్యాన్ని ముక్కకీ ముక్కకీ మధ్య దూరంతో గుణించి అన్నీ కూడాలి. నిండినప్పుడు 150 మిల్లీలీటర్లు, ముడుచుకున్నాక 90 మిగిలాయనుకోండి. బయటికి వెళ్లింది 60, అంటే పంపింగ్ 40 శాతం.

చేత్తో గీస్తే కళ్లు లాగేస్తాయి. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ వాళ్లు బొమ్మలో గీతలు గీయడం నేర్చుకునే యూ-నెట్ అనే ప్రోగ్రాము తెచ్చాక కంప్యూటర్ దీన్ని సెకన్లలో చేసేస్తోంది. మధ్య ముక్కల్లో చాలా బాగా చేస్తుంది, నాకూ ముచ్చటేస్తుంది.

పేచీ అంతా పై ముక్క దగ్గర. గుండె ముడుచుకునేటప్పుడు మైట్రల్ కవాటం, అంటే జఠరికకీ దాని పై గది కర్ణికకీ మధ్య ఉండే తలుపు, కిందికి, గుండె కొన వైపు జరుగుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సెంటీమీటరు పైనే. దాంతో ఇందాక జఠరిక కనిపించిన ముక్కలోనే ఇప్పుడు కర్ణిక ఉంటుంది. రెండింట్లోనూ రక్తమే, రెండూ తెల్లగానే కనిపిస్తాయి. అక్కడ కంప్యూటర్ కర్ణికను జఠరిక అనుకుని 12 చదరపు సెంటీమీటర్లు గీసేసిందనుకోండి, ముక్కకీ ముక్కకీ మధ్య సెంటీమీటరు లెక్కన 12 మిల్లీలీటర్లు అదనం. 90 కాస్తా 102 అయింది, పంపింగ్ 32కి పడిపోయింది. ఛాతీలో డిఫిబ్రిలేటర్, అంటే లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం, అమర్చాలా వద్దా అన్నప్పుడు డాక్టర్లు చూసే గీటు 35! మిగతా గీతలన్నీ సరిగ్గా ఉంటే, కంప్యూటర్ గీత డాక్టరు గీతతో ఎంత కలిసిందో చెప్పే డైస్ స్కోరు (పూర్తిగా కలిస్తే 1) మాత్రం 0.94 వస్తుంది, చూసినవాళ్లు చప్పట్లు కొడతారు.

ఇంకోటి. 2017లో వచ్చిన ఏసీడీసీ అనే గుండె ఎమ్మారై డేటా మీలో చాలామంది వాడుతున్నారు. అది ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో తీసిన 150 మంది స్కాన్లు, గుండె పరిస్థితిని బట్టి ఐదు గుంపులు. ఆ ఐదింట్లో రుమాటిక్ గుండె జబ్బుకి గుంపు లేదు. మన దేశంలో అదింకా పోలేదు, చిన్నప్పుడు గొంతు నొప్పికి సరిగ్గా మందు పడక కవాటం బిగుసుకుపోయినవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. వాళ్ల ఎడమ కర్ణిక బాగా ఉబ్బి ఉంటుంది, చాలామందికి గుండె లయ కూడా తప్పుతుంది కాబట్టి బొమ్మ అలుక్కుపోతుంది. ఊపిరి బిగబట్టలేని పెద్దవాళ్లయితే ముక్కలు ఒకదాని మీద ఒకటి కుదరవు.

అందుకని మీ ప్రాజెక్టుల్లో డైస్ ఒక్కటే చూపించకండి. పై ముక్కకి, కింది ముక్కకి ఫలితం విడిగా ఇవ్వండి, తేడా మిల్లీలీటర్లలో చెప్పండి, పంపింగ్ 35 చుట్టుపక్కల వచ్చిన ప్రతి స్కాన్‌లోనూ పై ముక్క గీతను డాక్టరు కళ్లతో చూసి ఒప్పుకున్నాకే రిపోర్టు బయటికొచ్చేలా ప్రోగ్రాము రాయండి.