వెల్డర్ చేతికి పని ఆగకూడదు

అందరికీ నమస్కారం.

విశాఖ పిల్లలకు కురుసుర జలాంతర్గామిని పరిచయం చేయక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టి మ్యూజియం చేసుకున్నాం. అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకుంది. 31 ఏళ్ల సర్వీసు. ఓడల ప్లాన్ వేసేవాళ్లు మొదట గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఇదే. ఇవాళ ప్లేటు కోత, అంటే కట్టడానికి ఉక్కు రేకులు కోసే పని, మొదలైన యుద్ధనౌక చేతికి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు తిరుగుతుంది. దాని చివరి కెప్టెన్ ఇప్పుడు ఒకటో రెండో తరగతి చదువుతూ ఉంటాడు, లేదా ఉంటుంది. చివరి నావికులైతే ఇంకా పుట్టనే లేదు.

2035 నాటికి 175 నౌకలు కావాలని మన నౌకాదళం లక్ష్యం పెట్టుకుంది. ఈ అంకె చూసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ వీటిని కట్టే చేతులు, నడిపే చేతులు సరిపడా ఉన్నాయా?

కట్టే చేతుల గురించి ముందు చెబుతాను. 1981లో జర్మనీతో జలాంతర్గాముల ఒప్పందం కుదిరింది. రెండింటిని అక్కడే కట్టారు, మరో రెండింటిని ముంబైలోని మజ్‌గావ్ డాక్ అనే ఓడల యార్డులో మనవాళ్లు కట్టారు. షల్కి 1992లో, శంకుల్ 1994లో నౌకాదళంలో చేరాయి. ఎంత కష్టపడి నేర్చుకున్న విద్య అది! జలాంతర్గామి పొట్ట సముద్రం లోతుల్లో నీటి ఒత్తిడిని తట్టుకోవాలి. ప్రతి అతుకునూ ఎక్స్‌రే తీసి చూస్తారు. అలాంటి చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయి. అక్కడే మళ్లీ కట్టిన జలాంతర్గామి కల్వరి చేరింది 2017 డిసెంబరులో. మధ్యలో 23 ఏళ్లు. అన్నేళ్లు ఏ పనివాడైనా ఎదురు చూస్తాడా? నాతో పనిచేసిన ఒక వెల్డర్, శ్రీకాకుళం మనిషి, యార్డులో పని లేని రోజుల్లో గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. నాలుగేళ్ల తర్వాత పిలిస్తే రాలేదు. ఆయన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు. కల్వరి తరగతిలో ఆరోది, చివరిది అయిన వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. దాని తర్వాతి తరగతికి అప్పటికి కాంట్రాక్టు కుదరలేదు. అదే తప్పు మళ్లీ చేస్తామేమోనని నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

పట్టు వదలకపోతే ఏం చేయగలమో కూడా చూశాం. విమానవాహక నౌక విక్రాంత్ కోసం రష్యా నుంచి రావాల్సిన ఉక్కు దొరకడం కష్టమైనప్పుడు, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌తో కలిసి ఆ ఉక్కును ఇక్కడే తయారు చేశారు. ఇప్పుడు దేశంలో కట్టే యుద్ధనౌకలకు మన ఉక్కే వాడుతున్నారు. ఇంజిన్ల దగ్గర మాత్రం ఇంకా ఇరుక్కునే ఉన్నాం. మన ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 2021 నవంబరులో చేరింది. దాన్ని నడిపే గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వి. మూడు నెలలు తిరిగేసరికి అక్కడ యుద్ధం మొదలైంది. ఓడ ఇక్కడ కట్టాం, గుండె అక్కడి నుంచి తెచ్చాం.

ఇక నడిపే చేతులు. 2025 ఆగస్టు 26న ఈ ఊళ్లోనే ఉదయగిరి, హిమగిరి అనే రెండు ఫ్రిగేట్లు (మధ్య తరహా యుద్ధనౌకలు) ఒకే రోజు నౌకాదళంలో చేరాయి. ఒకటి ముంబైలో కట్టింది, ఒకటి కోల్‌కతాలో కట్టింది. అందరితో పాటు నేనూ పొంగిపోయాను, వెంటనే లెక్కలో పడ్డాను. ఒక్కో ఫ్రిగేట్‌కు 225 మంది దాకా కావాలి. విక్రాంత్‌కైతే 1,600 మంది. ఓడ మీద ఉండేవాళ్లు మాత్రమే ఉంటే సరిపోదు. సెలవులో ఒకరు, కోర్సులో ఒకరు, ఒడ్డు మీద డ్యూటీలో ఒకరు ఉంటారు. వాళ్లందరినీ లెక్కలో వేసుకోవాలి. నావికుల కొరత 10 వేలకు పైనే ఉందని 2023లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఒడిశాలోని చిల్కలో అగ్నివీరులకు మొదటి శిక్షణ నాలుగు నెలలు. నాలుగేళ్లయ్యాక పాతిక శాతం మందినే ఉంచుకుంటారు. వంటగదిలో, డెక్ మీద ఇది నడవచ్చు. నీటి అడుగు చప్పుళ్లను పట్టే సోనార్ ముందు కూర్చుని ఏ చప్పుడు తిమింగలానిదో, ఏది ప్రొపెల్లర్‌దో పట్టుకునే చెవి మాత్రం నాలుగేళ్లలో పండదు. ఇంజిన్ రూముకూ అంతే. ఇలాంటి ట్రేడుల్లో ఎక్కువ మందిని నిలబెట్టుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

చివరిగా మన యార్డు, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు మాట. 1948 మార్చి 14న నెహ్రూ గారు జల ఉష అనే ఓడను నీళ్లలోకి దింపింది ఇక్కడే. ఆ తర్వాత ఆ యార్డు ఆర్డర్లు లేని రోజులూ చూసింది, నష్టాలూ చూసింది. 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది. 2025 జులైలో నౌకాదళంలో చేరిన నిస్తార్ అనే ఓడ ఇక్కడ కట్టిందే. ఇప్పుడు 19,000 కోట్ల రూపాయలతో ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకల పని దాని చేతిలో ఉంది. ఒక్కోటి 44,000 టన్నులు. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు ఇంధనం, తిండి, మందుగుండు అందించే ఓడలివి. కాంట్రాక్టు 2023 ఆగస్టులో కుదిరింది, ప్లేటు కోత 2024 ఏప్రిల్లో మొదలైంది.

ఒకేసారి ఐదు ఓడలిచ్చి తర్వాత పదేళ్లు మరిచిపోవడం కన్నా, ఏటా ఒక్క ఓడ ఇచ్చినా యార్డు బతుకుతుంది. వెల్డర్ గల్ఫ్ వీసా కోసం తిరగడు. అందుకే ఐదో ఓడ నీళ్లలోకి దిగే రోజుకు ఆరో ఓడ ప్లేటు కోత మొదలై ఉండాలి. ఆ ఆర్డరు కోసం మన ఎంపీలను, మన ప్రభుత్వాలను ఈ ఏడాది నుంచే అడుగుదాం.