గట్టిగా అరిచేవాడికి ముందు కట్టకండి
(హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షుల వారికి, గ్రంథాలయ కార్యదర్శి గారికి, నన్ను పిలిచి తీరాలని పట్టుబట్టిన పాత మిత్రులకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, యువతీ యువకులకు నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాలలో మాట్లాడే అవకాశం రావడం నా అదృష్టమని చెప్పడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీ తీరింది కనుక విషయంలోకి వస్తాను.

నాకు ఇచ్చిన అంశం 'యువత – పొదుపు'. బ్యాంకులో అప్పుల విభాగంలోనే జుట్టు నెరిసినవాడికి తగిన అంశమే. అయితే సభకు కొంత ముందుగా వచ్చి కింద పఠన మందిరంలో కూర్చున్నాను. గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకున్న పిల్లలు మన చిక్కడపల్లికి కొత్త కాదు. వాళ్ళ నడుమ నలభై దాటినట్లు కనిపించే కొందరు, ఇస్త్రీ చొక్కాలతో, భుజాన ఆఫీసు బ్యాగులతో, పని దినాన మిట్టమధ్యాహ్నం పత్రికలో ఉద్యోగ ప్రకటనల పేజీ చదువుతున్నారు. సంపాదన ఆగిపోయినవారికి పొదుపు గురించి బోధించడం ఆకలితో ఉన్నవాడికి ఉపవాస మహిమ వినిపించినట్లు ఉంటుంది. కనుక కార్యదర్శి గారు మన్నిస్తే, ఉద్యోగం లేని రోజుల్లో డబ్బు దిగులును ఎలా మోయాలన్నది మాట్లాడతాను. మన్నించకపోయినా అదే మాట్లాడతాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. జీతం ఆగినప్పుడు మనిషి ఎవరికి ముందు కట్టాలో ఆలోచించి కట్టడు. ఎవరు గట్టిగా అరిస్తే వారికి కడతాడు. ఇంటి కిరాయి అరవదు, తల్లి వేసుకునే మాత్ర అరవదు, ఆరోగ్య బీమా గడువు చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. అరిచేదల్లా క్రెడిట్ కార్డువాడు, యాప్ అప్పువాడు. ఈ వరుస తలకిందులు కావడం వల్లనే రెండు మూడు నెలల కష్టం రెండు మూడేళ్ళ కష్టమవుతున్నదని నా ఉద్యోగ జీవితమంతా చూసి చెబుతున్నాను.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పనిచేసేవాడు. తీసేస్తున్నామని చెప్పకుండా, నువ్వే రాజీనామా రాసి ఇవ్వు, లేకపోతే రిలీవింగ్ లెటర్ రాదు అని చెప్పి పంపించారు. ఒక ఆదివారం పొద్దున ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో మా ఇంటికి వచ్చాడు. ఫోనును గాజు బల్ల మీద బోర్లా పెట్టాడు. అది మాటిమాటికీ గుర్రుమని అదురుతూ బల్ల అంచు వైపు జరుగుతుంటే, మాట మధ్యలో ఆపి దానిని వెనక్కు జరుపుతున్నాడే తప్ప ఎత్తడం లేదు, ఆపడమూ లేదు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. కాగితాలు ఒక్కొక్కటే పరిచి చూశాను. మూడు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోన్, రెండు యాప్ అప్పులు, బండి కిస్తీ. జీతం ఆగి మూడు నెలలైనా వీటిలో ఒక్కటి కూడా తప్పలేదు. కార్డుకు కట్టడానికి యాప్‌లో తీసుకున్నాడు, యాప్‌కు కట్టడానికి భార్య గాజులు కుదువ పెట్టాడు. ఇంత క్రమశిక్షణ గల బాకీదారుడిని నేను బ్యాంకులో కూడా చూడలేదు.

మరి కిరాయి మాటేమిటని అడిగాను. రెండు నెలలుగా ఇవ్వలేదన్నాడు. ఇంటావిడ పెద్దామె, కిందనే ఉంటారు, మంచావిడ, అడగలేదు అన్నాడు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు! బీమా సంగతి అడిగితే, కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగంతో పాటే పోయిందని, వేరేది తీసుకోలేదని చెప్పాడు. ఇంట్లో అందరికీ తెలుసా అంటే, భార్యకు తెలుసు, అమ్మకు చెప్పలేదు, ఆమెకు బీపీ, చెబితే తట్టుకోలేదు అన్నాడు. ఇక్కడే నేను కొంచెం కోపగించుకున్నాను. ఎందుకంటే ఆ తల్లికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. కొడుకు పాల ప్యాకెట్లు రెండుకు బదులు ఒకటి తెచ్చిన రోజునే ఆమె గ్రహించింది. ఆ రోజు నుంచి రోజుకొకటి వేసుకోవలసిన బీపీ మాత్రను గోటితో రెండు ముక్కలు చేసి, సగం వేసుకుని, సగం తిరిగి రేకులోనే దాస్తున్నదట. ఈ సంగతి కోడలు తరువాత చెప్పింది. తల్లికి తెలియకూడదని కొడుకు, కొడుకుకు తెలియకూడదని తల్లి! ఆ ఇంట్లో అందరికన్నా ముందు కోత పడింది ఆమె మందుల మీద. అందరికన్నా ముందు జరుగుబాటు అయింది ఎక్కడో కాల్ సెంటరులో కూర్చుని ఫోన్ చేసేవాడికి.

అయ్యా, అమ్మా, దయచేసి ఈ మాట రాసుకోండి. ముందు తల మీద కప్పు, తిండి, మందులు, పిల్లల చదువు, కరెంటు, ఉద్యోగం వెతకడానికి కావలసిన ఫోను. తరువాత ఇల్లో బంగారమో హామీగా ఉన్న అప్పు, ఎందుకంటే అది తప్పితే వస్తువు పోతుంది. ఇంటి అప్పు కిస్తీ 90 రోజులు మించి బకాయి పడితే బ్యాంకు దానిని నిరర్థక ఆస్తి, అంటే మొండి బాకీ కింద రాస్తుంది. ఆ తరువాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. కాబట్టి బకాయి పడకముందే బ్యాంకుకు వెళ్ళి గడువు పెంచమని అడగాలి. ఇరుగుపొరుగుతో కలిసి వేసిన చిట్టీని పాడుకుని ఉంటే దాని వాయిదాను కూడా ఈ వరుసలోనే పెడతాను, ఎందుకంటే అక్కడ ఆగిపోయేది మరొక ఇంటి పెళ్ళి ఖర్చో ఫీజో అవుతుంది. కార్డులు, పర్సనల్ లోన్లు ఆ తరువాతనే. కట్టవద్దని నేను అనడం లేదు. దాక్కోవద్దంటున్నాను. ఉద్యోగం పోయింది, ఈ నెల ఇంత మాత్రమే కట్టగలను, మిగతా దానిని తక్కువ వడ్డీ కిస్తీలుగా మార్చండి అని ఈమెయిల్‌లో రాసి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పినది గాలికి పోతుంది. అప్పులు తీర్చే తీరును బట్టి మనకు వేసే మార్కు, సిబిల్ స్కోరు, పడిపోతుంది, నిజమే. పడిన స్కోరు మళ్ళీ లేస్తుంది. హామీ లేని అప్పు కట్టలేకపోయినంత మాత్రాన ఎవరూ జైలుకు పోరు. అయితే సంతకం చేసిన చెక్కు ఇచ్చి ఉన్నా, ఖాతా నుంచి నేరుగా కోసుకునే అనుమతి ఇచ్చి ఉన్నా, డబ్బు లేక అవి వెనక్కి వస్తే కేసు పెట్టే వీలుంది కనుక వాటి తేదీలు ముందే చూసుకోవాలి.

కార్డు మీద 'కనీస మొత్తం' అని ఒక గడి ఉంటుంది. నాకు దాని మీద పాత కసి ఉంది. లక్ష రూపాయల బాకీకి కనీసంగా 5,000 కట్టమన్నారని అనుకుందాం. నెలకు మూడున్నర శాతం చొప్పున మిత్తి 3,500. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ 630. అంటే మీరు కుదువ పెట్టి తెచ్చిన అయిదు వేలలో అసలుకు జమ అయ్యేది 870 రూపాయలు. ఈ కార్డులను అంటగట్టినది కూడా మేమే. నేను పనిచేసిన బ్యాంకు పేరు చెప్పను గానీ, ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన రోజే పిల్లల దగ్గరికి కార్డు దరఖాస్తులతో మనుషులను పంపేవారు; నెలాఖరున శాఖకు ఇన్ని కార్డులని లక్ష్యం ఉండేది, తక్కువైతే మేనేజరు ముఖం చిన్నబోయేది. కంపెనీ పడితే ఆ కార్డు ఏమవుతుందని సమీక్షా సమావేశంలో ఒకసారి అడిగితే, విషయానికి రండి అన్నారు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటపడ్డాక ఈ నగరంలో ఎన్ని ఇళ్ళలో కిస్తీల లెక్కలు మొదలయ్యాయో బ్యాంకులో కూర్చున్నవాళ్ళకు తెలుసు. విషయం అదే మరి.

అరిచేవాడికి కూడా హద్దులున్నాయి. పొద్దున 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత వసూలుదారులు ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని, బంధుమిత్రుల ముందు పరువు తీయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. అప్పు యాప్ మీ ఫోనులోని నంబర్ల జాబితాను తీసుకోకూడదు. మీరు ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు విచారించే అధికారికి, పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే అది అప్పు వ్యవహారం కాదు, నేరం. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. 2020 చివరలో మన నగరంలోనే యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు చదివాము. బాకీ ఎంత అని చూస్తే, వాటిలో కొన్ని మొత్తాలు ఒక పెళ్ళి భోజనాల ఖర్చుకు కూడా రావు. మనసు అంతగా కుంగితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్ళాలంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెప్పగానే నవ్వుకునే అలవాటు మన ఊరికి పోలేదు. నిద్ర పట్టనివాడు డాక్టరు దగ్గరికి పోవడంలో నవ్వుకునేది ఏముందో నాకు అర్థం కాదు.

దిగులు మన తెలివిని కూడా తినేస్తుంది. తమిళనాడు చెరకు రైతుల మీద జరిపి 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పుడు బుద్ధి పరీక్షలలో తడబడిన రైతులే కోత తరువాత మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్ళే, చేతిలో పైకం మారింది. అందుకే చెబుతున్నాను, అప్పుల వరుసను ఒంటరిగా, రాత్రి పూట, ఫోను మోగుతుండగా నిర్ణయించకండి. పొద్దున పూట, ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించండి, తల్లితో సహా.

గ్రంథాలయం కనుక మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియెన్‌తాల్ అనే పల్లెలో బట్టల మిల్లు మూతపడి ఊరు ఊరంతా నిరుద్యోగంలో పడితే, మారీ యహోదా అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె సహచరులు అక్కడికి వెళ్ళి జనం బతుకును నమోదు చేశారు. పని లేదు కాబట్టి తీరిక దొరికింది, ఇక చదువుతారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. రుసుము ఎత్తివేసినా ఆ ఊరి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకోవడం రెండేళ్ళలో సుమారు సగానికి పడిపోయింది. మగవాళ్ళలో చాలామంది గడియారం పెట్టుకోవడం మానేశారు, వీధిలో నడక నెమ్మదించింది, పొద్దంతా ఏం చేశారని అడిగితే చెప్పలేకపోయారు. ఆడవాళ్ళ నడక మాత్రం అంతగా తగ్గలేదు, వాళ్ళకు ఇంటి పని ఎప్పటిలాగే ఉంది. ఉద్యోగం జీతంతో పాటు వేళను, తోటి మనుషులను, నలుగురిలో గౌరవాన్ని కూడా ఇస్తుందని యహోదా తరువాతి కాలంలో రాశారు. ఇప్పుడు కింద కూర్చున్న ఆ ఇస్త్రీ చొక్కాలవారిని తలచుకుంటే నాకు జాలి కలగడం లేదు, గౌరవం కలుగుతున్నది. ఇల్లు కదిలి, వేళకు ఒక చోటికి వస్తున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు కూడా, నెల తిరిగేసరికి ఊళ్ళో నాన్నకు ఫోన్ చేయడానికి వెనకాడేవారు, వినండి: అయిదు రూపాయల భోజనం వరుసలో నిలబడడం చిన్నతనం కాదు, నాన్న దగ్గర నిజమైన లెక్క దాచి యాప్‌లో తీసుకోవడమే ప్రమాదం.

ఆ అబ్బాయి ఏమయ్యాడని మీరు అడుగుతారు. ముందు కిరాయి ఇచ్చి, తల్లికి చెప్పి, మందులు తెచ్చాడు. ఉద్యోగం పోయినవారు పీఎఫ్‌లో 75 శాతం వరకు తీసుకునే వీలుంది. అందులోంచి యాప్ అప్పులు రెండూ మూసివేశాడు. రెండు కార్డులను బ్యాంకులు కిస్తీలుగా మార్చాయి, మూడోది ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడు మునుపటి కంటే తక్కువ జీతానికి పనిచేస్తున్నాడు. గాజులు ఇంకా విడిపించలేదు.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. సభ అయ్యాక తలుపు పక్కన ఉన్న బల్ల దగ్గర కూర్చుంటాను. స్టేట్‌మెంట్లు తెచ్చుకున్నవారు రండి, తేనివారు ఫోనులో చూపించండి. కంపెనీ ఇంకా ఆఖరు రోజు ఇవ్వనివారు ఉంటే, మీ గ్రూపు బీమాను వ్యక్తిగత పాలసీగా మార్చే వీలుందేమో ఆ బీమా సంస్థను ఈ వారంలోనే అడగండి; తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి ఏడాదికి 10 లక్షల వరకు ఆరోగ్యశ్రీ ఉంది. ఇంటి అప్పు మీద 60 రోజుల నోటీసు అందినవారు ఎవరైనా ఉంటే, వరుసలో నిలబడకుండా అందరికన్నా ముందు నా దగ్గరికి రావాలి, నోటీసు మీద ఉన్న తేదీతో సహా.