తక్కువ జీపీఏతో అమెరికాలో మెడిసిన్ సీటు

శ్రోతలకు నమస్కారం.

మన దగ్గర మెడిసిన్ సీటు రాకపోతే విద్యార్థి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరి మళ్లీ నీట్ రాస్తాడు. ఈసారి మంచి ర్యాంకు వస్తే పాత ర్యాంకు సంగతి ఎవరూ అడగరు. ఇంటర్ మార్కులు అర్హతకు సరిపడా ఉంటే చాలు. అమెరికాలో అలా కాదు. అక్కడ చదువుకుంటున్న మనవల గురించి ఇక్కడ బెంగపడే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు కనుక ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

అక్కడ సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఆ తర్వాతే నాలుగేళ్ల వైద్య విద్య. డిగ్రీ గ్రేడ్ల సగటును జీపీఏ అంటారు. మామూలుగా గరిష్ఠం 4. దీనికి తోడు ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది, దాని మార్కులు 472 నుంచి 528 వరకు. అక్కడ మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీనే ఎండీ అంటారు. ఎండీ కళాశాలల్లో చేరేవారి సగటు జీపీఏ 3.8కి దగ్గరగా, ఎంక్యాట్ 512 దరిదాపుల్లో ఉంటోంది. మరి 2.8తో డిగ్రీ ముగించిన అమ్మాయి ఏం చేయాలి?

ముందు లెక్క చూద్దాం. ఆమె 120 క్రెడిట్లు చదివింది. క్రెడిట్ అంటే కోర్సు బరువును కొలిచే లెక్క. ఇంకో ఏడాది కూర్చుని 30 క్రెడిట్ల సైన్స్ కోర్సులు చేసి, అన్నింటిలోనూ 'ఏ' గ్రేడే, అంటే నాలుగుకి నాలుగు, తెచ్చుకుందనుకోండి. మొత్తం సగటు ఎంతకు చేరుతుంది? 3.04కి. ఏడాది కష్టానికి పావు పాయింటు కూడా పెరగలేదు! పైగా ఆర్గానిక్ కెమిస్ట్రీలో తప్పి, అదే కోర్సు మళ్లీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా, ఎండీ కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో పాత గ్రేడు చెరిగిపోదు. రెండూ లెక్కలోకి వస్తాయి. అక్కడ డాక్టర్లను తయారుచేసే మరో రకం కళాశాలలు, ఆస్టియోపతీ కళాశాలలు, ఒకప్పుడు కొత్త గ్రేడునే తీసుకునేవి. 2017లో ఆ వెసులుబాటూ పోయింది.

ఇది విని చాలామంది ఆశ వదులుకుంటారు. తొందరపాటు అది. ఆ దరఖాస్తులో ఏ సంవత్సరం ఎంత వచ్చింది, సైన్స్, గణితంలో ఎంత, డిగ్రీ అయ్యాక చదివినదాంట్లో ఎంత అన్నది వేర్వేరుగా కనిపిస్తుంది. మొదటి ఏడాది బాగా చదివి చివరికి జారిపోయినవాడికీ, మొదట తడబడి చివరి రెండేళ్లు నిలదొక్కుకున్నవాడికీ సగటు ఒకటే కావచ్చు. దరఖాస్తు చదివే కళాశాలవారికి మాత్రం ఇద్దరూ ఒకటి కారు. అందుకే డిగ్రీ తర్వాత చదివే పోస్ట్‌బ్యాక్ కోర్సుల విలువ ఆ పావు పాయింటులో లేదు, వైద్య విద్య భారాన్ని ఇప్పుడు మోయగలనని చూపించడంలో ఉంది.

జార్జ్‌టౌన్ వంటి విశ్వవిద్యాలయాల్లో దీని కోసమే ప్రత్యేక మాస్టర్స్ ఉన్నాయి. అక్కడి పాఠాల స్థాయి వైద్య కళాశాల మొదటి ఏడాదికి దగ్గరగా ఉంటుంది. ఫీజులు భారీ. అందులోనూ గ్రేడ్లు తగ్గితే దారి దాదాపు మూసుకుపోయినట్టే. నన్నడిగితే, ముందు దగ్గరలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండు కఠినమైన కోర్సులు చదివి తనను తాను పరీక్షించుకోవడం మేలు. టెక్సస్ నివాసులకు మాత్రం ఒక చిత్రమైన అవకాశం ఉంది. పదేళ్లు దాటిన గ్రేడ్లను పక్కన పెట్టమని అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను చట్టప్రకారం కోరవచ్చు. అయితే వాటితోపాటు అప్పటి మంచి గ్రేడ్లూ పోతాయి, ఆ కోర్సులన్నీ మళ్లీ చదవాలి.

ఆస్టియోపతీ అంటే డీఓ డిగ్రీ. మన కుటుంబాల్లో ఆ మాట వినగానే "అంటే ఎండీ కాదా?" అని ముఖం చిట్లించేవారున్నారు. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదలైన చదువు ఇది. డీఓలు మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. 2020 నుంచి రెండు వర్గాల రెసిడెన్సీకి, అంటే డిగ్రీ అయ్యాక ఆసుపత్రిలో పొందే శిక్షణకు, గుర్తింపు వ్యవస్థ ఒక్కటే. తక్కువ జీపీఏ ఉన్నవారు ఈ కళాశాలలను వదిలిపెట్టి కరీబియన్ దీవులకు పరుగెత్తడం నాకు అర్థం కాదు. అక్కడ సీటు తేలిగ్గా దొరుకుతుంది, నిజమే. రెసిడెన్సీ దగ్గరే చిక్కు. రెసిడెన్సీ స్థానాలు కేటాయించే ప్రక్రియను మ్యాచ్ అంటారు. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ, డీఓ విద్యార్థుల్లో 90 శాతానికి పైగా స్థానం దక్కించుకుంటే, విదేశాల్లో మెడిసిన్ చదివిన అమెరికన్లలో ఆ భాగ్యం దక్కింది మూడింట రెండు వంతుల మందికే. అప్పు మాత్రం అందరికీ ఉంటుంది.

ఇక ఇంట్లో వినిపించే మాట, "రెండేళ్లు వృథా అవుతాయి కదా" అని. అక్కడ మెడిసిన్‌లో చేరేవారిలో సగానికి పైగా డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవారే. బలహీనమైన దరఖాస్తుతో తొందరపడి ఇరవై కళాశాలలకు డబ్బు కట్టడం కన్నా, ఆ ఏడాది ఆసుపత్రిలో పనిచేస్తూ, ఎంక్యాట్‌కు నిదానంగా సిద్ధమవడం నయం. ఆ పరీక్ష జీవితం మొత్తంలో ఏడుసార్లే రాయనిస్తారు. ఇంటర్వ్యూలో పాత గ్రేడ్ల గురించి అడగవచ్చు. రెండు వాక్యాల్లో జరిగింది చెప్పి, అధ్యాపకుల మీదా ఇంటి మీదా నెట్టకుండా, తర్వాత ఏం మార్చుకున్నారో అక్కడి నుంచి మాట్లాడితే చాలు.

నమస్కారం.