బీర పందిరి మీది ఈగలు: మందు కొట్టే ముందు వీపు చూడండి

నమస్కారమండీ. బొబ్బిలి దగ్గర మా పెరట్లో, బీర పందిరి కిందే నిలబడి మాట్లాడుతున్నాను. పిందెలు వంకర తిరిగి, పసుపెక్కి రాలిపోతుంటే చాలామంది కనబడ్డ ప్రతి ఈగ మీదా మందు కొట్టేస్తారు. కాస్త ఆగి, ఆ ఈగ ఏదో చూద్దాం.

ముందు రెక్కలు లెక్కపెట్టండి. ఈగకు ఒక్క జతే. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది ఆకారంలో చిన్న బుడిపెలు రెండుంటాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు అదుపు తప్పకుండా చూసేవి అవే. తేనెటీగకీ కందిరీగకీ రెండు జతలుంటాయి. ఉద్దానంలో కొబ్బరి ఆకుల్ని పట్టి పీడించే తెల్లదోమకీ రెండు జతలే, అది లేత ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగుకి చుట్టం.

ఇప్పుడు ఈ సీసాలోది చూడండి. పొద్దున్నే చల్లటి వేళ తేలిగ్గా దొరుకుతాయి. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే మందగించి ఫొటోకి కదలకుండా కూర్చుంటాయి. మూత మాత్రం గట్టిగా పెట్టండి, లేకపోతే ఇంట్లో తిట్లు తప్పవు. ఫోన్‌కి క్లిప్ లెన్స్ పెట్టి వీపు మీదకి వెళ్దాం. రెక్కల నడుమ పసుపు చారలు మూడున్నాయి: పక్కల రెండు, మధ్యలో ఒకటి. రెక్క చివర ముదురు మచ్చ, లోపల అడ్డంగా ఇంకో పట్టీ. బీర, కాకర, దోస, ఆనప పిందెల్ని పాడుచేసే పండు ఈగ ఇదే.

మామిడి తోటల్లో సువర్ణరేఖ కాయల్ని పొడిచేది దీని దాయాది. దానికి మధ్య చార ఉండదు, పక్కల రెండే. రెక్క తేటగా ఉండి, ముందు అంచు వెంట సన్నటి నల్ల గీత కనిపిస్తుంది. పొట్ట మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో నల్ల గుర్తు. ఈ రకంలోనే వీపు ఒకదానికి నల్లగా, ఇంకోదానికి ఎర్రమట్టి రంగులో ఉంటుంది, అందుకే ఒట్టి రంగుని నమ్మొద్దు. రెండు రకాల్లోనూ ఆడదానికి తోక కొస మొనదేలి ఉంటుంది. గుడ్లు పెట్టే గొట్టం అది, మనల్ని కుట్టదు.

అదిగో, గాల్లో కదలకుండా నిలబడింది చూశారా? నలుపు పసుపు పట్టీలు. మా పక్కింటావిడ "ఏటిది, కందిరీగేనా?" అని వెనక్కి జరిగిపోయారు. కాదండీ, ఇది సిర్ఫిడ్ అనే ఈగ. మీసాలు పొట్టి, కళ్లు తల నిండా, రెక్కలు ఒక్క జత. కళ్లు నడినెత్తిన కలిస్తే మగది, సందుంటే ఆడది. వీటిలో చాలా రకాల పిల్ల పురుగులు పేనుబంకను తిని బతుకుతాయి. మందు కొట్టి దీన్ని చంపుకుంటే నష్టం మనకే.

ఆకు మీద పచ్చగా తళతళలాడే పొడుగు కాళ్ల బుల్లి ఈగ కూడా చిన్న పురుగుల్ని వేటాడేదే. మాగిన అరటిపండు చుట్టూ ముసిరే ఎర్ర కళ్లది 2, 3 మిల్లీమీటర్లకు మించదు. పాదు జోలికి రాదు, వదిలేయండి.

వీపు చారలు అంతగా ఎందుకు చూడమన్నానంటే, లింగాకర్షక బుట్టలో, అంటే వాసనతో ఈగల్ని రప్పించి పట్టే బుట్టలో, ఒక్కో రకానికి పెట్టే ఎర వేరు. మామిడి ఈగకి మిథైల్ యూజినాల్, తీగ కూరల ఈగకి క్యూల్యూర్. తారుమారైతే బుట్ట ఖాళీగా వేలాడుతుంది. సరైన ఎర పెట్టినా పడేవి మగవే, పిందెల్లో గుడ్లు పెట్టే ఆడవి పడవు. కాబట్టి రాలిన పిందెల్ని రోజూ ఏరి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి ఎండలో పెట్టండి, లోపలి పురుగు మట్టిలోకి దిగకముందే.