పల్లకిలా మలుపు తిరిగిన ఇంజను

శ్రోతలకు నమస్కారం.

శ్రీరామనవమికి మా ఊళ్లో స్వామివారిని పల్లకిలో ఊరేగిస్తారు. గుడి దాటాక ఒక సందు ఉంది, ఎడ్లబండి కూడా పట్టదు. ఆ సందులోంచి బజారులోకి తిరిగే మూల దగ్గర ఏటా అందరికీ టెన్షనే. పద్దెనిమిదేళ్ల వయసులో ఒకసారి నేనూ పల్లకి వెనక కొమ్మును భుజాన మోశాను. ముందువాళ్లు మూల తిరిగిపోయారు. వెనకున్న మేం ఇంకా సందులోనే ఉన్నాం. మధ్యలో పల్లకి లోపలివైపు గోడకు జానెడు దూరంలోకి జరిగింది. "తొందరపడకండ్రా! వాళ్ల వెంటే రండి!" అని మా మామయ్య కేకేశాడు. నాలుగడుగులు వేశామో లేదో, పల్లకి బజారులో ఉంది.

ఈవేళ నేను చెప్పబోయే రైలింజను మలుపు తిరిగేది సరిగ్గా అలాగే. ముందువాళ్లు తిరిగారు, వెనకవాళ్లు ఇంకా తిరగలేదు, మధ్యలో పల్లకి. ఈ బొమ్మ మనసులో ఉంచుకోండి.

ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మానియా అనే ద్వీపం ఉంది. దాని పడమటి కొండల్లో వెండి, సీసం గనులు. విపరీతమైన వానలు, దట్టమైన అడవి. జీహన్ అనే గనుల ఊరి నుంచి విలియమ్స్‌ఫోర్డ్ దాకా సుమారు 28 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం ఒకటి 1890లలో వేశారు. పట్టాల మధ్య ఎడం 2 అడుగులు. మన మూర కంటే కాస్త ఎక్కువ, అంతే. 104 మీటర్ల మాంటెజుమా జలపాతం అడుగునుంచే రైలు పోయేది. ఎక్కే వాలు చూస్తే 25 అడుగులు ముందుకు పోయేసరికి 1 అడుగు పైకి. మలుపులైతే మరీ ఘోరం. కొన్నిచోట్ల వంపు వ్యాసార్థం 99 అడుగులే.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. ఖనిజం బరువు. లాగాలంటే పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజనంటే పొడవాటి ఇంజను. పొడవాటి ఇంజను ఆ మలుపుల్లో తిరగదు, పట్టా తప్పుతుంది. పోనీ చిన్న ఇంజను పెడదామంటే బరువు లాగదు. జర్మనీ నుంచి హాగన్స్ కంపెనీ ఇంజనొకటి 1900లో తెప్పించారు. దాని వెనక చక్రాల జత కొంత కదిలేది. పని జరిగింది గానీ, అది చాలలేదు.

అదే రోజుల్లో హెర్బర్ట్ విలియం గారట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఉన్నాడు. లండన్‌లో పని నేర్చుకుని అర్జెంటీనా, క్యూబా, పెరూ, లాగోస్ అంటూ దేశాలు తిరిగి రైల్వేల్లో పనిచేసినవాడు. రైలు పట్టాల మీద పెద్ద ఫిరంగులను మోసే బండ్లను చూసినప్పుడు ఆయనకు ఒక ఆలోచన తట్టిందంటారు. ఫిరంగి పొడవుగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. దాన్ని ముందొక చక్రాల బండి, వెనకొక చక్రాల బండి పట్టుకుంటాయి. మధ్యలో కింద ఏమీ ఉండదు. ఫిరంగి ఉన్న చోట బాయిలర్ పెడితే?

1907లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ ఆ ఆలోచనను చేతిలోకి తీసుకుంది. మొదటి ఆర్డరు ఏ మహా రైల్వే నుంచో రాలేదు. ఆ టాస్మానియా అడవి రైలు నుంచే వచ్చింది. 1909లో రెండు ఇంజన్లు తయారయ్యాయి. కె1, కె2. ప్రపంచంలో గారట్ ఇంజన్లంటూ పుట్టిన మొదటి రెండూ అవే. నేరో గేజ్, అంటే ఇరుకు పట్టాల మీద పుట్టాయి.

దాని రూపు చెబుతాను. ముందు ఒక చిన్న బండి, నాలుగు చక్రాలు, దాని మీద నీళ్ల ట్యాంకు. వెనక అలాంటిదే ఇంకో బండి. ఈ రెండూ బోయీలు. మధ్యలో, కింద ఒక్క చక్రం లేకుండా, బాయిలరూ డ్రైవరు నిలబడే గదీ. అదే పల్లకి. రెండు చివరలా ఇరుసు లాంటి పెద్ద కీలు మీద అది కూర్చుంటుంది. మలుపు రాగానే ముందు బండి తిరుగుతుంది. పల్లకి లోపలివైపుకు జరుగుతుంది. వెనక బండి దాని దారిన అది వస్తుంది.

బాయిలర్ కింద చక్రాలు లేకపోవడం వల్ల ఇంకో మేలు. మామూలు ఇంజనులో పొయ్యి చక్రాల మధ్యో, చక్రాల మీదో ఇరుక్కుని ఉండాలి. ఇక్కడ అడ్డేమీ లేదు. పొయ్యిని లోతుగా, వెడల్పుగా పెట్టుకోవచ్చు. బాయిలర్‌ను పొట్టిగా, లావుగా చేసుకోవచ్చు. పొయ్యి పెద్దదైతే ఆవిరి ధారాళం. బరువు ఎనిమిది చక్రాలకూ పంచుకుపోతుంది కాబట్టి సన్నపాటి పట్టాలు కూడా భరిస్తాయి.

అయితే అసలు కిటుకు ఎక్కడుందో తెలుసా? గొట్టంలో. బాయిలర్ మధ్యలో ఉంది, ఆవిరి బలంతో చక్రాలను తిప్పే సిలిండర్లు అటూ ఇటూ తిరిగే బండ్ల మీద ఉన్నాయి. ఆవిరి వాటికి చేరాలి. గొట్టం గట్టిగా బిగిస్తే మొదటి మలుపులోనే విరుగుతుంది. వదులుగా పెడితే ఆవిరి కారిపోతుంది. అందుకే గొట్టాన్ని తిరిగే కీలు దగ్గరికి తెచ్చి, అక్కడ మన భుజం ఎముక గూట్లో తిరిగినట్టు తిరిగే అతుకు పెట్టారు. ఆ అతుకు నుంచి ఆవిరి బయటికి పోకుండా చూసుకోవడమే గారట్ నడిపినవాళ్ల నిత్య పని. నాకు ఈ ఇంజనులో అన్నింటికంటే ఇష్టమైన భాగం అదే. ఎంత లావు బాయిలరైనా, దాని బలమంతా ఆ అతుకులోంచి పోవాల్సిందే.

కె1లో ఆవిరిని రెండుసార్లు వాడతారు. చెరుకు పిప్పిని గానుగలో మళ్లీ పెట్టినట్టు. ముందు వెనక బండి సిలిండర్లలో పనిచేస్తుంది, అక్కడ సన్నగిల్లిన ఆవిరి ముందు బండిలోని పెద్ద సిలిండర్లలో మళ్లీ పనిచేస్తుంది. ఒక్కటే లోపం. సిలిండర్లను లోపలివైపు చివర్లలో పెట్టారు. అంటే వెనక సిలిండర్లు సరిగ్గా డ్రైవరు కాళ్ల కింద. ముందు పొయ్యి వేడి, కింద సిలిండర్ల వేడి. ఎత్తు ఎక్కేటప్పుడు పారతో బొగ్గు వేస్తూ ఆ గది ఇనుప నేల మీద నిలబడ్డ ఫైర్‌మ్యాన్ అరికాళ్లను తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. తర్వాత వచ్చిన గారట్‌లలో చాలావరకు సిలిండర్లను బయటి చివరలకు మార్చేశారు.

గనుల పని తగ్గింది. 1929-30 నాటికి కె1, కె2 ఆగిపోయాయి. పదిహేనేళ్లకు పైగా ఊరికే పడి ఉన్నాయి. 1947లో బేయర్ పీకాక్ వాళ్లే తమ మొదటి బిడ్డను వెనక్కి కొనుక్కున్నారు. కె2 భాగాలు కూడా కలిపి కె1ను నిలబెట్టి మాంచెస్టర్‌లో దాచుకున్నారు. 1966లో ఆ కంపెనీయే మూతపడింది. అప్పుడు వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైల్వే దీన్ని తీసుకుంది. వాళ్ల సొరంగాల్లో పట్టడానికి పైభాగం కోసేద్దామని కూడా అనుకున్నారు. కొయ్యలేదు, ఎంత మంచి పని చేశారో! తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లోని యార్క్ రైలు మ్యూజియంలో ఉంది. కొత్త బాయిలర్ వేసి బాగుచేశాక 2006లో వేల్స్‌లోనే వెల్ష్ హైలాండ్ రైల్వేలో జనాన్ని లాగింది. అదే దారిలో 143 నంబరు గారట్ కూడా ఉంది. 1958లో బేయర్ పీకాక్ మాంచెస్టర్‌లో కట్టిన చివరి గారట్ అది, దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. మొదటిదీ చివరిదీ రెండూ 2 అడుగుల గేజువే. ఒకే పట్టాల మీద నడిచాయి.

మన దేశం సంగతి. కె1 పుట్టిన రెండేళ్లకే, 1911లో డార్జిలింగ్ కొండ రైలుకు ఒక గారట్ వచ్చింది. ఒక్కటే. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మన వాల్తేరు దాకా పట్టాలున్న రైల్వే, బొగ్గు లాగడానికి బ్రాడ్ గేజ్ మీద భారీ గారట్‌లు తెప్పించింది. మా చిన్నప్పుడు నౌపడ నుంచి గుణుపురం పోయే చిన్న రైలు ఎక్కాను. దాని ఇంజను గారట్ కాదు, మామూలుదే. అయినా మలుపులో కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజనును చూసే సరదా అక్కడే పట్టుకుంది నన్ను.

చివరగా ఒక్క మాట, పిల్లలతో ఢిల్లీ వెళ్లేవాళ్ల కోసం. అక్కడి జాతీయ రైలు మ్యూజియంలో బెంగాల్ నాగపూర్ గారట్ ఒకటి ఉంది, 815 నంబరు. దాని ముందు ఫోటో దిగి వచ్చేయకండి. పక్కకు వెళ్లండి. బాయిలర్ కింద చక్రాలున్నాయేమో చూడమని పిల్లల్ని అడగండి. తర్వాత ట్యాంకుకూ బాయిలర్‌కూ మధ్య ఖాళీ దగ్గర వంగి లోపలికి చూడమనండి. అక్కడ కీలు ఉంటుంది, దాని పక్కనే గొట్టం ఉంటుంది. ముందు ఎవరు తిరుగుతారు, వెనక ఎవరు వస్తారు, మధ్యలో ఏది లోపలికి జరుగుతుంది, వాళ్లనే చెప్పనివ్వండి.

నమస్కారం.