గేమ్ ఆడుతుంటే పీసీ ఆగిపోతోందా? అప్పుడే మదర్‌బోర్డు కొనకండి

అందరికీ నమస్తే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. సొంతంగా అసెంబుల్ చేసుకున్న పీసీ. బ్రౌజింగ్ చేస్తే ఏ గొడవా లేదు. గేమ్ పెడితే మాత్రం కాసేపటికి ఠక్కున ఆగిపోయి, దానంతటదే మళ్లీ ఆన్ అవుతోంది. షాపులో చూపిస్తే "మదర్‌బోర్డు పోయింది" అన్నారట. మార్చేయాలా అన్నా అంటున్నాడు.

ఆగు తమ్ముడూ, అప్పుడే జేబులో చెయ్యి పెట్టకు.

ముందు ఎలా ఆగుతోందో గమనించు. బ్లూ స్క్రీన్ వస్తే ర్యామ్ మీదో, డ్రైవర్ మీదో అనుమానం. బ్లూ స్క్రీన్ కూడా లేకుండా కరెంటు పోయినట్టు ఆగితే పవర్ వైపు చూడాలి. విండోస్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్ కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడకు. సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం. ప్లగ్ పీకినా అదే వస్తుంది. దాని చుట్టుపక్కల వీయా లాగర్ (WHEA-Logger) ఎర్రర్లు ఉంటే మాత్రం హార్డ్‌వేరే ఫిర్యాదు చేస్తోందన్నమాట.

వేడి సంగతి చూద్దాం. మన హైదరాబాద్ మే నెలలో, క్యాబినెట్‌ని గోడకి ఆనించి పెడితే ఏ ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది? వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (HWiNFO) సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్ ఆన్ చేసి గేమ్ ఆడు, అంకెలన్నీ ఫైల్‌లో రాసిపెడుతుంది. ఇప్పటి ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర ముందు వేగం తగ్గించుకుంటాయి, గేమ్ నత్తనడక నడుస్తుంది. లాగ్ ప్రకారం 70 డిగ్రీల దగ్గరే పీసీ ఆగిపోయి ఉంటే కారణం ప్రాసెసర్ వేడి కాదు.

అప్పుడు నా అనుమానం పవర్ సప్లై మీదే, అంటే పీసీలో అన్నిటికీ కరెంటు పంచే డబ్బా మీదే. గ్రాఫిక్స్ కార్డు రెప్పపాటులో తన లెక్క కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. పాతబడిన సప్లై దాన్ని తట్టుకోలేక తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. సప్లై పెద్ద కనెక్టర్‌లో పచ్చ వైరుకీ నల్ల వైరుకీ క్లిప్ పెట్టి ఫ్యాన్ తిరిగింది కదా, బాగానే ఉంది అంటారు చాలామంది. అది బతికుందని తెలుస్తుంది, బరువు మోస్తుందని కాదు. మల్టీమీటర్‌లో 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, కానీ రెప్పపాటు పతనాన్ని మీటర్ కూడా పట్టుకోలేదు. కార్డుకి రెండు సాకెట్లుంటే రెండు వేర్వేరు కేబుళ్లు వేశావో లేదో చూడు. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి ఆడి చూడు. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లవే, గేమ్ ఆడేటప్పుడు అది చాలకపోవచ్చు.

ఖాయంగా తేలాలంటే ఫ్రెండ్ దగ్గర సప్లై అడిగి తెచ్చుకుని పెట్టడమే. ఒక్క జాగ్రత్త: మాడ్యులర్ సప్లై (కేబుళ్లు ఊడదీసే రకం) అయితే దాని కేబుళ్లు కూడా దానివే వాడు. సాకెట్ ఒకేలా కనిపించినా లోపల పిన్నుల వరస కంపెనీకో రకం. పాత కేబుల్ తగిలిస్తే ఎస్‌ఎస్‌డీ కాలిపోవచ్చు. సప్లై డబ్బా మాత్రం విప్పకు, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది.

ర్యామ్‌ది చిన్న పని. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆఫ్ చేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడుపు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒక్కో స్టిక్ విడిగా పెట్టి మళ్లీ చూడాలి.

ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 వాళ్లకి ఇంకో మాట. గేమ్ "ఔట్ ఆఫ్ వీడియో మెమరీ" అని మూసుకుపోతే తిట్లు గ్రాఫిక్స్ కార్డుకి పడతాయి గానీ దొంగ ప్రాసెసరే కావచ్చు. 2024లో ఇంటెల్ ఈ లోపాన్ని ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ సవరణ రావాలంటే మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చెయ్యండి. అప్పటికే దెబ్బతిన్న చిప్ మాత్రం దాంతో బాగుపడదు.

ఇవన్నీ అయ్యాకే బోర్డు. సప్లై ఇచ్చే ఫ్రెండ్ లేకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పీసీ తీసుకెళ్లి, "మీ సప్లై పెట్టి నా ముందే గేమ్ నడపండి అన్నా" అని అడుగు. ఆగకుండా నడిస్తే తప్పు నీ సప్లైదే. అప్పుడూ కొత్తది కొనే ముందు పాత బిల్లు వెతుకు. మంచి సప్లైలకి అయిదు నుంచి పదేళ్ల దాకా వారంటీ ఉంటుంది.