సిరోంచ డైనోసార్‌కి తెలివి ఎంత ఉండె?

డైనోసార్లు అంతరించకపోతే ఇయ్యాల మనలెక్కనే రెండు కాళ్ల మీద తిరుగుతుండేవని ఒక ఫోటో వాట్సాప్‌ల తిరుగుతుంటది, చూసే ఉంటరు, పెద్ద తల, గుడ్లంత కళ్లు. అది 1982ల కెనడా సైంటిస్టు డేల్ రసెల్ చేయించిన బొమ్మ. స్టెనోనికోసారస్ అనే డైనోసార్‌కి ఒంటితోని చూస్తే మెదడు పెద్దగుండె, అది ఇంకా పెరిగితే ఎట్లుండునో అని ఆయన ఊహ. నాకైతే ఆ బొమ్మ ఎక్కలే. తెలివి పెరిగితే మనిషి రూపమే రావాలని రూలేం లేదుగద.

సరే, మహారాష్ట్రల మన గడ్చిరోలి జిల్లాకొద్దాం. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ఆ టైంల కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బరపాసారస్ అనే పొడుగుమెడ డైనోసార్‌ని తవ్వి తీసిన్రు, దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, అన్నీ దొరికినయ్ గానీ తలకాయ దొరకలే! కొన్ని పళ్లు దొరికినయ్, గంతే. గీ పొడుగుమెడ డైనోసార్ల పుర్రె పలుచగుంటది, చచ్చినంక ఊడి కొట్టుకపోతది. అందుకే మనదానికి తెలివి ఇంత అని ఎవరన్న నంబర్ చెప్తే నమ్మకుండ్రి.

పుర్రె ఉంటే సీటీ స్కాన్ చేసి లోపలి ఖాళీ కొలుస్తరు, అసలు కిరికిరి అక్కడనే. పక్షులకు మెదడు ఆ ఖాళీ నిండా ఉంటది, మొసలికి అట్ల నిండదు, మరి టీ-రెక్స్ అనే మాంసం తినే పెద్ద డైనోసార్‌కి ఏ లెక్క కట్టాలె? 2023ల సుజానా హెర్క్యులానో-హౌజెల్ అనే సైంటిస్టు పక్షుల లెక్క కట్టి, టీ-రెక్స్‌కి న్యూరాన్లు (మెదడు కణాలు) బబూన్ కోతికి ఉన్నన్ని ఉండొచ్చన్నది. 2024ల ఇంకో టీం వచ్చి, అంత లేదు, మొసలి లెక్కనే దగ్గర, అయినా న్యూరాన్లు లెక్కపెట్టి తెలివి చెప్పుడేంది అన్నరు. నేను వీళ్ల దిక్కే.

డైనోసార్ల తెలివి నిజంగ చూడాలంటే కాకిని చూడుండ్రి. పక్షులు డైనోసార్ల వంశమే, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద ఆస్టరాయిడ్ పడ్డప్పుడు మిగిలినయ్ అవే. ఎగిరేదానికి బరువు పెరగొద్దు, మెదడు చిన్నగనే ఉంది గానీ కాకుల్ల, చిలకల్ల న్యూరాన్లు మస్తు ఇరుకిరుకుగ ఉన్నయని 2016ల తేలింది. న్యూ కాలెడోనియా కాకి అయితే పుల్లను కొక్కెంలెక్క చేసుకొని పురుగులు గుంజుతది.

ఆఖరుకు ఒకటి, వానలకు మీ దిక్కు రాయిలాంటి ఎముక ఏదన్న బయటపడితే ఇంటికి పట్టుకపోకుండ్రి. ఉన్నకాడనే ఫోటో తీసి ఫారెస్టోళ్లకు చెప్పుండ్రి, ఏ రాతి పొరల దొరికిందో తెలియకపోతే దాన్తోని సైంటిస్టులు చేసేది పెద్దగేం ఉండదు.